వారానికి నాలుగు రోజులు జిమ్ మానేయండి

కొత్తగా జిమ్‌లో చేరిన కుర్రాళ్లకు నేను ముందు చెప్పే మాట ఇదే. విన్నవాళ్లు నా మొహం వంక అనుమానంగా చూస్తారు. చేరిందే ఉత్సాహంతో, ఏడాది ఫీజు ఒకేసారి కట్టేసి ఉంటారు, రోజూ రెండు గంటలు చెమటోడ్చాలని పట్టుదల. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం భుజాలు అంటూ గోడ మీద పట్టిక కూడా ఉంటుంది. నెల తిరిగేసరికి భుజం పట్టేస్తుంది, నిద్ర చాలదు, ఆఫీసులో పని పెరుగుతుంది. ఆ తర్వాత కనిపించరు.

కండ పెరిగేది బరువు ఎత్తేటప్పుడు కాదు. ఎత్తినప్పుడు ఒంటికి అందేది 'ఈ బలం చాలదు' అన్న కబురు మాత్రమే. అసలు కట్టుబడి ఆ తర్వాత ఒకటి రెండు రోజుల పాటు, మీరు తిన్నదాంతో, పడుకున్న నిద్రలో జరుగుతుంది. ఒంట్లోని ప్రతి పెద్ద కండకూ వారానికి రెండుసార్లు గట్టిగా పని పడితే, కొత్తవాళ్లకు అంతకన్నా అక్కర్లేదు. మూడు రోజులు, రోజుకి ముప్పావు గంట చాలు. మిగతా నాలుగు రోజులూ నడవండి, ఎనిమిది గంటలు పడుకోండి.

ఆ మూడు రోజుల్లో కూడా వరసగా కనిపించే మెషీన్లన్నీ ఎక్కి దిగొద్దు. కూర్చుని లేవడం, నేల మీది బరువు ఎత్తడం, ఎదుటికి నెట్టడం, ఒంటి వైపు లాక్కోవడం. ఈ నాలుగు పనులతో ఒళ్లంతా కదులుతుంది. బరువు ఎంత పెట్టాలో చెప్పేది పక్కవాడి బార్ కాదు, మీ బార్ కదిలే తీరు. మొదటి ఐదారుసార్లు ఒకే వేగంతో లేస్తుంది. ఎనిమిదో సారికి, మీరు అంతే గట్టిగా నెడుతున్నా, తనంతట తానే నెమ్మదిస్తుంది. ఇంకో రెండుసార్లు మాత్రమే ఎత్తగలను అనిపించినప్పుడు దించేయండి. అరుచుకుంటూ, నడుం వంచి లాగే ఆఖరిసారి వల్ల కండకు ఒరిగేది తక్కువ, వెన్నుకు ముప్పు ఎక్కువ. ఎన్నిసార్లు ఎత్తారో నోటుబుక్కులో రాసుకోండి. ఎనిమిది కాస్తా పన్నెండు అయిన రోజున రెండున్నర కిలోలు కలపండి, మళ్లీ ఎనిమిది నుంచి మొదలుపెట్టండి. ఆ నోటుబుక్కు లేనివాళ్లు ఏళ్ల తరబడి అవే పది కిలోల డంబెల్స్ ఎత్తుతూ ఉండిపోతారు.

ఇక తిండి. అన్నం మానకండి. ఈ మాటకి ట్రైనర్లు నాతో గొడవ పడతారు, పడనీండి. బరువులెత్తే ఒంటికి పిండిపదార్థమే ఇంధనం, అది అన్నంలో దండిగా ఉంది. ప్రొటీన్‌కైతే అన్నం, పప్పు ఒకదానికొకటి తోడు: బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో ఎక్కువ. పప్పులో మిథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం తక్కువ, బియ్యం ఆ లోటు తీరుస్తుంది. మన తప్పు అన్నం తినడంలో లేదు, కంచం పెట్టుకునే తీరులో ఉంది. గుట్టగా అన్నం, మధ్యలో చిన్న గుంట, అందులో నీళ్లలా జారే పప్పు ఒక్క గరిటె, ఆపైన చారుతో ఇంకో రెండు వాయిలు. పప్పు ముద్దగా వండి ముందు దాన్ని వడ్డించుకోండి, అన్నం తర్వాత.

లెక్క చెబుతాను. మామూలు మనిషికి రోజుకి కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క. బరువులెత్తేవాళ్లకు 1.6 గ్రాముల దాకా పనికొస్తుంది. అంటే అరవై కిలోల కుర్రాడికి దాదాపు 96 గ్రాములు. మూడు గుడ్లలో 18, అరలీటరు పాలూ పెరుగులో 16, యాభై గ్రాముల మీల్ మేకర్‌లో పాతిక, 75 గ్రాముల కందిపప్పులో 16, నానబెట్టిన గుప్పెడు శనగల్లో ఎనిమిదో పదో. పావుకిలో బియ్యం కూడా పదిహేనుకు పైగా ఇస్తుంది. కిరాణా కొట్టు దాటకుండానే లెక్క సరిపోయింది. చికెన్ తినేవాళ్లకు ఇంకా సులువు. గుడ్డులో పచ్చసొన పారేయకండి, ప్రొటీన్‌లో నలభై శాతం దాకా అందులోనే ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఇందులో ఏదీ పెంచొద్దు.

వేలు పోసి ప్రొటీన్ డబ్బా కొనొద్దు. వే పౌడర్ విషమేమీ కాదు, పాల విరుగుడు నీటి నుంచి తీసిందే. కానీ ఇంట్లో పప్పూ పాలూ కొనడానికి వెనకాడి దాన్ని అప్పుచేసి కొంటున్న పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 2024లో వచ్చిన జాతీయ ఆహార మార్గదర్శకాలు కూడా ఈ పౌడర్ల జోలికి పోవద్దనే చెప్పాయి. డబ్బులుండి ఏదో ఒకటి వేసుకుని తీరాలనుకుంటే క్రియాటిన్ మోనోహైడ్రేట్, రోజుకి మూడు నుంచి ఐదు గ్రాములు. ఏళ్లుగా పరీక్షకు నిలిచిన కొద్దివాటిలో అదొకటి.

పొట్ట తగ్గడానికి సిటప్స్ చేయొద్దు. ఏ చోటి కొవ్వునూ ఆ చోటి కసరత్తు కరిగించదు.

మూడు నెలల్లో ఒళ్లు మార్చేస్తానని సూది చూపించేవాడి దగ్గర్నుంచి ఆ క్షణమే లేచి వచ్చేయండి. ఫీజు పోతే పోనీండి. బయటి నుంచి స్టెరాయిడ్ ఎక్కిస్తే ఒళ్లు సొంత టెస్టోస్టెరాన్ తయారీ ఆపేస్తుంది, వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాల సంఖ్య పడిపోతుంది, గుండె కండరం మందమవుతుంది. స్టెరాయిడ్లే కాదు, ఆపరేషన్ బల్ల మీద బీపీ పడిపోయినవాళ్లకిచ్చే ఇంజెక్షన్‌ను కూడా హైదరాబాద్‌లో జిమ్ కుర్రాళ్లకు అమ్ముతూ ముఠాలు పట్టుబడ్డాయి. ఇరవై రెండేళ్ల పిల్లాడి గుండెతో చేసే వ్యాపారం ఇది.

ఇప్పుడు అన్నింటికన్నా విడ్డూరంగా వినిపించే సలహా: మీ బదులు మీ అమ్మను చేర్పించండి. ముప్ఫై దాటాక పదేళ్లకోసారి మూడు నుంచి ఎనిమిది శాతం కండ పోతుంది, అరవై దాటాక ఇంకా వేగంగా పోతుంది. తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా లాక్కునేది కండే కాబట్టి, అది తరిగిన ఒంట్లో షుగర్ తేలిగ్గా పాతుకుపోతుంది. బాత్రూంలో జారి తుంటి విరిగే ముసలివాళ్ల కథ కూడా చాలాసార్లు కాళ్ల బలం పోవడంతోనే మొదలవుతుంది. 1990లో అమెరికాలో ఫియటరోన్ అనే వైద్యురాలు తొంభై ఏళ్ల వృద్ధుల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించింది. వాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. ఆ వయసులోనే కండ మాట వింటే, యాభై ఐదేళ్ల అమ్మ ఒళ్లు ఎందుకు వినదు?

బరువులెత్తితే ఆడవాళ్లు మగాళ్లలా తయారవుతారన్న భయం వదిలేయండి, ఆడవాళ్లలో టెస్టోస్టెరాన్ అంత ఉండదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కర్ణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం కలిపి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. మీ అమ్మకు అందులో ఇరవయ్యో వంతు చాలు.

అమ్మ కంచం సంగతి ముందు చూడండి. అందరూ తిన్నాక ఆవిడ కూర్చుంటుంది. అప్పటికి పప్పు గిన్నె అడుగంటి ఉంటుంది, గుడ్లు పిల్లలకు అయిపోయి ఉంటాయి. మిగిలేది అన్నం, చారు, మజ్జిగ. ఆమె వంతు పప్పూ గుడ్డూ ముందే తీసి పెట్టండి.

కసరత్తు కుర్చీతో మొదలవుతుంది. చేతులు ఆనించకుండా పదిసార్లు కూర్చుని లేవమనండి. ఊపిరి బిగపట్టనీయొద్దు, లేచేటప్పుడు వదలమనండి. బీపీ అదుపులో లేకపోయినా, గుండె జబ్బు ఉన్నా ముందు డాక్టర్ మాట తీసుకోండి. పది తేలికయ్యాక గుండెలకు హత్తుకుని రెండు కిలోల పప్పు ప్యాకెట్, తర్వాత ఐదు కిలోల బియ్యం సంచి. అదీ తేలికయ్యాక కుర్చీ బదులు పొట్టి స్టూలు వేయండి. అప్పుడు జిమ్‌కి తీసుకెళ్లండి. ట్రైనర్ ఆవిణ్ణి నేరుగా ట్రెడ్‌మిల్ వైపు నడిపించబోతాడు. వద్దని చెప్పి, బరువులున్న వైపు తీసుకెళ్లమనండి.