చింతపెంకుకు అప్పగించిన నది

ఇక బెంగ లేదు. దంతెవాడలో శంఖిని నది ఎర్రబారితే ఏం, జగదల్‌పూర్ మండీలో చింతపండుకు కొదవా? ఆడవాళ్లు ఒలిచి పారేసే పెంకును ఎండబెట్టి, దంచి నీళ్లలో వేస్తే భారలోహాలు వచ్చి దానికి అతుక్కుంటాయట. ఖర్చు తక్కువ, ఫొటోకి అందం ఎక్కువ.

శాస్త్రాన్ని వెక్కిరించడం లేదు. చింతపెంకు హెక్సావాలెంట్ క్రోమియాన్ని పడుతుందని తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2007లోనే ప్రచురించారు. నారింజ, అరటి తొక్కలూ లోహాల్ని పడతాయి. వాటిలోని కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ సమూహాలే పట్టుకొమ్మలు. కాకపోతే క్రోమియం బాగా అంటాలంటే నీళ్లు ఆమ్లంగా ఉండాలి. అంటే నదిని ముందు పులుపెక్కించాలి కాబోలు!

అసలు చిక్కు వేరే. శంఖినికి ఆ రంగు తెచ్చింది ముఖ్యంగా కరిగిన లోహం కాదు, బైలాడిలా కొండల్లో ఇనుపరాయి తవ్వి కడిగాక కొట్టుకొచ్చే సన్నటి పొడి. పెంకు కరిగిన అయాన్లను పడుతుంది, బురదను పట్టదు. బురదను పైనే ఆపాలి. అందుకు టెయిలింగ్ డ్యాములూ చెక్‌డ్యాములూ ఉన్నాయి. ఉండీ ఏమైంది? 2024 జులై వానలకు గని వైపు నుంచి దూసుకొచ్చిన ఎర్రనీరు కిరండుల్ ఇళ్లలోకి దూరింది. ఆ రోజు ఎన్ని లారీల పెంకు తోలితే సరిపోయేదో ఏ ప్రయోగశాల చెబుతుంది?

1968 నుంచి కొండను ముక్కలు చేసి రైలెక్కించి విశాఖ రేవుకూ, అక్కణ్ణించి జపాన్‌కూ పంపుతున్నాం. లెక్కలు చూసే గనుల సంస్థ ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో. శంఖిని అటు పారదు కదా, పారితే ఈపాటికి పెంకుల దాకా వచ్చేవాళ్లం కాదు.

ఇంకోటి. పెంకు లోహాన్ని జీర్ణం చేసుకోదు, మోస్తుంది అంతే. లోహం పట్టిన పెంకు కూడా విషపు చెత్తే. ఏ వాగు ఒడ్డునో పోస్తే మొదటి వానకే మళ్లీ నదిలో కలుస్తుంది. మరి ఆ చెత్త ఎక్కడ పోస్తారని అడిగినవాడికి అభివృద్ధి నిరోధకుడన్న బిరుదు ఖాయం.

పథకం మాత్రం వచ్చి తీరుతుంది. కిలో పెంకుకు రేటు కట్టడానికి కమిటీ, ప్రారంభోత్సవానికి రిబ్బను, ఫైలులో ‘శుద్ధిలో ఆదివాసీల భాగస్వామ్యం’ అన్న పేరా. నిజమే మరి: కొండ పోయిందీ వాళ్లదే, నీళ్లు పోయినవీ వాళ్లవే, ఇక పెంకులు దంచేదీ వాళ్లే.