నెలకి ఇరవై రెండు రోజుల జబ్బు

మన సర్కార్ల దయకి లోటేమీ లేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. బోర్డు మీద పేరు మారినా, పేదింటి పిల్లాడి ఆపరేషన్ బిల్లు కాస్త ఆలస్యంగానైనా ఆసుపత్రికి చేరుతుంది. చిక్కల్లా పిల్లాడు బతికి ఇంటికొచ్చాకే.

ఆ చిక్కు తీర్చడానికి 2019 డిసెంబరులో 'ఆరోగ్య ఆసరా' ప్రకటించారు. కోలుకునే కాలంలో రోజుకి 225 రూపాయలు, నెలకి 5 వేలు మించకుండా. భాగించి చూడండి, 22 రోజులకే సొమ్ము సరి. మిగతా ఎనిమిది రోజులూ రోగి జబ్బుకి సెలవు పెట్టాలని ఏలినవారి ఉద్దేశం కాబోలు!

రక్త క్యాన్సర్ పిల్లల సంగతి ఇంకోటి. ఆపరేషన్ ఉండదు, చికిత్స మాత్రం రెండు మూడేళ్లు. సంతబొమ్మాళి నుంచి అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి నూట యాభై కిలోమీటర్ల పైమాటే. రైలు స్లీపర్‌ క్లాసులో పిల్లాడికి టిక్కెట్టు పూర్తిగా ఉచితం. తోడెళ్లే తల్లి మాత్రం పావు వంతు కట్టాలి. జబ్బు ఆమెకి రాలేదు కదా, న్యాయమే! ఆ రాయితీకి కూడా ఆసుపత్రి సర్టిఫికెట్టు పట్టుకుని రైల్వే కౌంటర్‌ దగ్గర నిలబడాలి.

తండ్రిది నౌపడ ఉప్పు మడుల్లో కూలి, తల్లిది పలాసలో జీడిపప్పు ఒలిచే పని అనుకోండి. ఆమె సంచీలో చూస్తే ప్లాస్టిక్ కవర్లో మడతలు పడ్డ రక్తపరీక్ష కాగితాలు, వాటి కింద డాక్టరు రాసిన తిండి చీటీ ఉంటాయి: గుడ్లు, పాలు, పళ్లు, కాచి చల్లార్చిన నీళ్లు. మందుల చీటీకి మందులిస్తారు. ఈ చీటీ తీసుకునే కౌంటర్ ఏ ఆఫీసులోనూ లేదు. అడిగితే ఆమె జవాబు ఇలా ఉంటుంది: "మందులు ఉట్టినే ఇస్తన్నారు బావూ. పన్లోకెల్తే గుంటడ్ని సూసీవోలు నేరు."

దూరాల నుంచి వచ్చే ఇలాంటి కుటుంబాలకి ఉచితంగా బస ఇచ్చే పని 2006లోనే ముంబయిలో సెయింట్ జూడ్ కేంద్రాలు మొదలుపెట్టాయి. అంటే ఇది మన బుర్రకి అందని రాకెట్ శాస్త్రమేమీ కాదు. మనకి మాత్రం ముందు సహాయనిధి చెక్కు, దాని చుట్టూ పదిమంది నాయకులు, అంచున బోడిగుండు పిల్లాడు ఉన్న ఫోటో కావాలి. కీమో తీసుకుంటున్న పిల్లాణ్ని జనంలోకి తిప్పొద్దని డాక్టర్లు చెబుతారు. ఫోటోకి మాత్రం ఆ నియమం వర్తించదేమో!

కలెక్టరు గారూ, ఎమ్మెల్యే గారూ, మా మనవి ఒక్కటే. చెకప్ తేదీకి ముందు రోజే ఆ ఇంటికి దారి ఖర్చులు, ఒక మనిషి కూలి, తిండి చీటీ సరుకులు అందే ఏర్పాటు చెయ్యండి. ఫోటో పిల్లాడు బడికెళ్లాక తీసుకోవచ్చు.