బుల్లెట్టు భక్తుని విద్యుద్రథ మెక్కించు విధానము

జూబిలీహిల్స్ చెక్‌పోస్టు కూడలియందు సాయంసమయమున ఎఱ్ఱదీపము వెలుగగా, బారులు తీరిన కార్ల నడుమ కన్నులు మూసికొని సైతము గుర్తింపదగిన వాహన మొక్కటియే కలదు. అది బుల్లెట్టు. దాని నధిష్ఠించిన మహాశయుడు కదలకున్నను వచ్చుచున్నట్లే యుండును. అతడు ఇల్లు చేరకమున్నే ఆ వార్త వీథికెల్ల తెలిసిపోవును. ఇట్టివానిని చప్పుడు లేని విద్యుద్వాహన మెక్కింపవలెనని సంకల్పించిన దుకాణదారులకును, పర్యావరణ ప్రియులకును, పెట్రోలు ఖర్చు భరింపలేని బంధువులకును ఉపకరించునని ఈ విధి వ్రాయబడుచున్నది.

ప్రప్రథమమున అతనితో లెక్కలు మాటాడకుడు. కిలోమీటరున కెన్ని పైసలు మిగులునో చెప్పి చూచినవారెల్లరు భంగపడినవారే. మైలేజి కొఱకు బుల్లెట్టు కొన్నవాడు భూమండలమున లేడు (డీజిలు బుల్లెట్టువారు మన్నింతురుగాక). పాత పోతయినుప ఇంజను బండిని మేలుకొలుపుట యనగా నేమో మీ రెఱుగుదురా? డీకంప్రెషన్ మీట నొక్కిపట్టి, ఆంపియర్ మీటరు ముల్లు నడిమికి వచ్చువఱకు కిక్కును మెల్లమెల్లగా దింపి, మీట విడిచి, ఇష్టదైవమును స్మరించి, శరీరభారమంతయు ఒక్క కాలిపై మోపి తన్నవలెను; అదను తప్పినచో అదియే తిరిగి తన్నును. గేరు కుడికాలి క్రిందను, బ్రేకు ఎడమకాలి క్రిందను ఉండెడి కాలమున, ఆ బండిని ఎరువడుగుటకు స్నేహితులు సైతము జంకెడివారు. ఇన్ని క్లేశముల కోర్చి, చీలమండ నర్పించి, యంత్రకటాక్షము సంపాదించినవానితో ‘మీట నొక్కుడు, పొండు, క్లచ్చు లేదు, గేర్లు లేవు’ అని పలుకుట అవమానము గాక మఱేమి? కావున వాహనమును వీలయినంత కష్టసాధ్యముగా చూపుడు. ఛార్జింగు తీగను తొలగించుట కొక క్రమమును, తాళము త్రిప్పుట కొక ముహూర్తమును కల్పింపుడు. తొలిసారి స్టార్టు కాకుండునట్లు చేయగలిగితిరా, సగము పని యైనట్లే.

అంకెల విషయమున ఉదారులు కావలెను. మన సంప్రదాయమున మోటారు సైకిలు గోత్రము సీసీలలో చెప్పబడును. 350 అనగానే బుల్లెట్టు స్ఫురించును. విద్యుద్వాహనమున సిలిండరే లేదు గనుక సీసీ యుండుటకు తావు లేదు. అయినను హైదరాబాదు సంస్థయగు ప్యూర్ ఈవీ వారు 2022లో విడుదల చేసిన తమ విద్యుత్ మోటారు సైకిలునకు ఈట్రిస్ట్ 350 అని నామకరణ మొనర్చిరి. లేని సిలిండరున కింత ఘనపరిమాణ మెట్లు వచ్చినదని యడుగరాదు. గోత్ర మడిగినవానికి అది సమాధానము. అంతకుముందు 2020లో ఇచటివారే యైన ఆటమోబైల్ సంస్థ ఆటమ్ 1.0 అను బండిని కేఫ్ రేసరు రూపమున నిర్మించినది. లండను యువకులు కాఫీశాలకును కాఫీశాలకును నడుమ గంటకు నూఱుమైళ్ల వేగమునకై పందెములు వేసికొనిన దినములనుండి ఆ రూపమునకా పేరు. ఆటమ్ గరిష్ఠవేగము గంటకు 25 కిలోమీటర్లు, లైసెన్సు సైతము అక్కఱలేదు. రూపము చూపుడు, వేగము దాపుడు.

ఇక ధ్వని. మీ విద్యయంతయు ఇచటనే వెల్లడి కావలెను. ‘ప్రాణము లేని బండి’ యని అతడు తప్పక అనును. ఫిలింనగరున నివసించుచు ఇట్లు పలుకువాని ధైర్యమునకు నేను ముగ్ధుడ నగుదును. ఏలయన ఈ కొండపై కదలెడి పెదవు లొకరివి, వినబడు కంఠ మింకొకరిది; కథానాయకుడు దుమ్ము రేపుచు ప్రవేశించు మోటారు సైకిలు సైతము చిత్రీకరణ నాడు చేసిన చప్పుడు వేఱు, తెఱపై ఉఱిమెడి చప్పుడు వేఱు. అంతయు ముగిసిన పిమ్మట చల్లని గదిలో కూర్చుండి ఎఫెక్ట్స్ ఇంజనీరు తన భాండాగారమునుండి ఒక గర్జన నెన్నుకొని, దానికి మఱియొకటి కలిపి, చక్రము తిరిగినచోట నతికించును. తెలుగు కుఱ్ఱకారు ఏ నాదమును విని మోటారు సైకిలుపై మోహపడినదో, ఆ నాదము చాలవఱకు మిక్సింగు గదిలో జన్మించినది. రోడ్డుమీది బుల్లెట్టు దాని కొక సామాన్యానుకరణము. అందుచేతనే కాబోలు, మన వీరులు కంపెనీ సైలెన్సరును పెఱికి, అంతకంటె బిగ్గరగా మ్రోగుదానిని బిగించి, తెఱను రోడ్డుమీదికి దింప యత్నింతురు. పోలీసులు ఆ సైలెన్సర్లను పోగుచేసి రోడ్డురోలరుతో త్రొక్కింతురు.

ఈ రహస్య మతనికి చెప్పవలెనా? వలదు. విద్యుద్వాహనముపై ప్రేమ పుట్టదు సరికదా, సినిమాపై నున్న ప్రేమయు పోవును. ఆ పాపము పేటకంతకును తగులును. అంతకంటె హార్లీ డేవిడ్‌సన్ వారి వృత్తాంతము వినిపించుట మేలు: వారు తమ ఇంజను చప్పుడును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయింపగోరి 1994లో దరఖాస్తు పెట్టి, పోటీదారుల అభ్యంతరములతో విసిగి, 2000లో విరమించుకొనిరి, తుదకు 2019లో లైవ్‌వైర్ అను సద్దులేని బండిని తామే అమ్మకమునకు పెట్టిరి. నిశ్చలస్థితినుండియే పూర్తి బల మిచ్చుటచే ఈ మిట్టదారులకు విద్యుత్ మోటారు మిక్కిలి తగినదనియు, దిగుడున కొంత శక్తి మరల బ్యాటరీని చేరుననియు మాత్రము చెప్పకుడు. అవి నిజములు; నిజములతో ఎవడును బండి కొనడు.

కొన్న దినమున పెద్దమ్మగుడికి తీసికొనిపోవుట మఱువకుడు. చక్రముల క్రింద నిమ్మకాయ లుంచి ముందునకు నడిపినప్పుడు, ఇన్నాళ్లు ఇంజను రొదలో ఎవరికిని వినబడని నిమ్మకాయ చితికిన చప్పుడు స్పష్టముగా వినబడును. దానినే శుభధ్వనిగా వర్ణింపుడు. పచ్చని నంబరుపలకను చూచి ఇరుగుపొరుగువా రడిగినచో, 2024 నవంబరునాటి తెలంగాణ విధానము ప్రకారము 2026 డిసెంబరు 31 వఱకు రోడ్డుపన్నును, రిజిస్ట్రేషను రుసుమును లేవని వాగి పరువు పోగొట్టుకొనరాదు. ఫ్యాన్సీ నంబరునకు లక్షలు పోయు పేటయిది. ‘అది వేఱు సిరీసు’ అని ముక్తసరిగా పలికి ఊరకుండవలెను.

తారల సాక్ష్యమును అవసరమే. ‘మహానటి’లో స్వకంఠముతో తెలుగు పలికిన దుల్కర్ సల్మాన్, 2022లో ఎఫ్77 అను వేగవంతమైన విద్యుత్ మోటారు సైకిలును విడుదల చేసిన బెంగుళూరు అల్ట్రావయొలెట్ సంస్థలో పెట్టుబడి పెట్టియున్నాడు. దీనికిని లొంగనివానిపై తుదియస్త్రము ప్రయోగింపుడు: 2024 నవంబరులో మిలాను ప్రదర్శనమున బుల్లెట్టు నిర్మాతలగు రాయల్ ఎన్‌ఫీల్డ్ వారే ఫ్లయింగ్ ఫ్లీ అను విద్యుద్వాహనమును ప్రదర్శించిరి. ద్వితీయ ప్రపంచయుద్ధమున పారాషూట్లతో దింపిన 125 సీసీ బండి పేరది. దైవమే మతము మార్చుకొనుచుండగా భక్తుని పట్టుద లెన్నాళ్లు?

ఇన్ని చెప్పి ఒక ప్రమాదమును దాచుట న్యాయము కాదు. కృష్ణానగరునుండి ఫిలింనగరున కెక్కు దారిలో చంకన ఫైలుతో లిఫ్టడుగు యువకులు కలరు. వారిలో ప్రతివానికడను కథ యొకటి యుండును. బుల్లెట్టుపై వెనుక కూర్చున్నవాడు ‘అనగనగా ఒక ఊళ్లో’ యన్నంతవఱకే వినబడి, తక్కినది ఇంజనులో కలిసిపోయి, ఉభయులకును మర్యాద దక్కెడిది. విద్యుద్వాహనముపై ఆ రక్షణము లేదు. కథానాయకుని ప్రవేశము, ఇంటర్వెల్ మలుపు, చనిపోయిన తండ్రి క్లైమాక్సున లేచి వచ్చుట, సమస్తమును చెవిని పడును. ఫిలిం ఛాంబరు చేరునప్పటికి అభిప్రాయము సైతము చెప్పవలసివచ్చును. కావున తాళము లప్పగించునప్పుడు హారను మీట యెచట నున్నదో కొనువానికి రెండుమాఱులు చూపుడు.