బకాసురుడి తల

నేను బకాసురుడి తలను. నా లోపలంతా సినిమా పోస్టర్లే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్ల చుట్టుపక్కల గోడల మీద చినిగి వేలాడే పోస్టర్లను మా మేస్త్రి పీక్కొచ్చి, బకెట్లో నానబెట్టి, వాటితో నన్ను కట్టాడు. నేను పుట్టింది అశోక్‌నగర్ సందులో, మేడ మీది రేకుల గదిలో.

ముందు బంకమట్టితో తల చేశాడు. దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీశాడు. అచ్చు లోపల మైదా జిగురుతో కాయితం ముక్కలు అతికించాడు, 8 పొరలు. ఒక పొర ఆరితే గానీ ఇంకోటి వేసేవాడు కాదు. జిగురు ఉడుకుతుండగా చిటికెడు మైలుతుత్తం కలిపేవాడు. అదే లేకపోతే బొద్దింకలు నన్ను ఎప్పుడో తినేసేవి. కళ్ళకు టేబుల్ టెన్నిస్ బంతి సగాలు, జుట్టుకు నల్లరంగులో ముంచిన జనపనార. కింది దవడ విడిగా చేసి ఎలాస్టిక్‌తో బిగించాడు. వేషం కట్టినవాడు గడ్డం ఆడిస్తే నా నోరు తెరుచుకుంటుంది. కోరలు వెదురుతో చెక్కాడు. ఎడమ కోర కాస్త వంకర. పని నేర్చుకునే కుర్రాడు సరిచేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. “రెండూ ఒక్కలా ఉంటే బజారు బొమ్మరా!”

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో నా మొదటి నాటకం. రిహార్సల్‌లో ట్యూబులైటు కింద నన్ను చూసి పిల్లలు నవ్వారు. ఆ రాత్రి మేస్త్రి పై లైట్లన్నీ ఆర్పించి, కింద ఒక్క దీపానికి ఎర్ర జిలటిన్ కాయితం చుట్టించాడు. నటుణ్ణి వీపు తిప్పి నిలబడమన్నాడు. మొదట నాలోంచి అతని ఊపిరి బుసలు కొడుతూ వినపడింది. భుజాలు లేచి పడుతున్నాయి. అప్పుడు మెల్లగా ఇటు తిరిగాడు. ముందు వరసలో ఒక పిల్ల వాళ్ళమ్మ కొంగులో మొహం దాచుకుంది. రిహార్సల్లో నవ్వినప్పుడూ నేను అవే పోస్టర్లు, అదే జిగురు. భయం ఆ ఊపిరిలో ఉంది.

పని చేస్తూ మేస్త్రి ‘మాయాబజార్’ గురించి చెప్పేవాడు. 1957 నాటి ఆ సినిమాలో ఎస్వీ రంగారావు ఘటోత్కచుడికి తొడుగు తలే లేదు. మొహానికి రంగు, పెద్ద జుట్టు, ఆ నవ్వు! లడ్డూలు వాటంతటవే ఎగిరి నోట్లో పడటం మార్కస్ బార్ట్లే కెమెరా పనితనం. అమెరికావాళ్ళ 1933 ‘కింగ్ కాంగ్’ అసలు బొమ్మ అడుగున్నర ఎత్తు, లోపల లోహపు ఎముకలు, పైన కుందేలు బొచ్చు. ఒక్కో ఫ్రేముకూ కాస్త కదిపి ఫొటో తీసేవారు. చేతివేళ్ళు తగిలి బొచ్చు చెదిరేది. తెర మీద అది కోపంతో రోమాలు నిక్కబొడుచుకున్నట్టు కనపడింది. నా ఎడమ కోర వంకర లాంటిదే అది కూడా. జపాన్‌లో 1954 గాడ్జిల్లా తొడుగు లోపల హరువో నకజిమా అనే మనిషి చెమటలో తడిసి నడిచాడు. అతని బాధ నాకు తెలుసు, నా లోపలా నటులు అలాగే ఉడికిపోయేవారు.

1995లో ‘అమ్మోరు’తో మన తెరకు కంప్యూటర్ గ్రాఫిక్స్ ఘనంగా వచ్చాయి. వాటి మీద నాకు కోపం లేదు. కాని మేస్త్రికి పని తగ్గింది, ఆ తర్వాత మేస్త్రే లేడు. ఆ గదిలో ఇప్పుడు గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్ళు అద్దెకుంటున్నారు. పగలంతా సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఉండి రాత్రికొస్తారు. నేను మేకుకు వేలాడుతుంటాను. మొన్న ఒకడు నన్ను దించి, దుమ్ము తుడిచి, తల మీద పెట్టుకున్నాడు. చాలా ఏళ్ళకు నాలోకి ఊపిరి వచ్చింది. ఎలాస్టిక్ మాత్రం తెగిపోయింది.

మీ అటక మీద నాలాంటి తల ఉంటే ప్లాస్టిక్ కవర్లో కట్టకండి, చెమ్మ పట్టి బూజొస్తుంది. నూలు గుడ్డలో వేపాకు వేసి చుట్టండి. ఎలాస్టిక్ మార్చండి. ఏడాదికి ఒక్కసారైనా దించి, ఎవరికైనా తొడగండి.