గంటల డాక్టరుగారు

ఈ తరహా డాక్టరుగారు టెక్సస్‌లో ఊరికొకరుంటారు. డెబ్బై దాటింది, ప్రాక్టీసు మానేశారు. పెళ్ళిలో ఎవరైనా "కాలక్షేపం ఎలాగండీ?" అన్నారా, కోటు జేబులోంచి పైలట్ లాగ్‌బుక్ బయటికొస్తుంది. "పధ్నాలుగు వందల గంటలు" అంటారు. ఆఖరి గంట ఏ సంవత్సరానిదో మాత్రం కనిపించదు. అక్కడ బొటనవేలు అడ్డం ఉంటుంది.

మళ్ళీ ఎగురుతానంటే ప్రభుత్వానికి పేచీ లేదు. అరవై అయిదుకి ఇంటికి పొమ్మనేది ఎయిర్‌లైన్ పైలట్లని. సొంత సరదాకి ఎగిరేవాళ్ళకి వయసు హద్దు లేదు. 2017లో బేసిక్‌మెడ్ అనే పద్ధతి వచ్చింది. పాత మెడికల్ సర్టిఫికెట్ 2006 జులై నడిమికి తర్వాతిదైతే, నాలుగేళ్ళకోసారి చేసే పరీక్షకి మామూలు డాక్టరు చాలు. (తన పరీక్ష తనే చేసుకోవచ్చా అని ఈయన వాకబు చేసినట్టు భోగట్టా.)

చిక్కంతా బీమాతోనే. మనవడి వయసు బ్రోకరు ఫోనులో అడుగుతాడు: వయసెంత, మొత్తం గంటలెన్ని, ఈ రకం విమానంలో ఎన్ని, గత పన్నెండు నెలల్లో ఎన్ని?

"1989లో ఉరుముల్లో ఇరుక్కుని..."

"గత పన్నెండు నెలల్లో, డాక్టర్."

నలభై ఏళ్ళపాటు రోగుల కథలకి అడ్డుపడి "అవన్నీ తర్వాత, షుగరెంత?" అన్న నోరు సున్నా అనలేక నీళ్ళు నములుతుంది.

పైగా ఈయన మనసుపడింది వి ఆకారం తోక ఉన్న పాత బొనాంజా మీద. వేగమైన విమానం. కొనడానికి డబ్బుండి, సాధనకి తీరికలేని డాక్టర్ల పుణ్యమా అని దానికి 'డాక్టర్లని చంపే చీలుతోక' అనే పేరు పడిపోయింది. చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. దిగేముందు దించడం మర్చిపోతే పొట్టమీద పాకడమే.

"చక్రాలు మర్చిపోతానా?" అంటారీయన.

"మొన్న రాత్రంతా గరాజు తలుపు తెరిచే ఉంది" అంటుంది వాళ్ళావిడ వంటింట్లోంచి.

బేరంలో దిట్ట కాబట్టి ఇంకో బ్రోకరుని పట్టుకుంటారు. విమానాలకి బీమా రాసే కంపెనీలే గుప్పెడు. మొదటివాడు ఎవరి దగ్గర ధర అడిగాడో, వాళ్ళనే అడగబోయిన రెండోవాడికి సాధారణంగా దక్కేది మొండిచెయ్యే. పేరయ్యలెందరైనా పెళ్ళికూతురొకతే.

చివరికి చక్రాలు ముడవని సెస్నా 172 దగ్గర రాజీ కుదురుతుంది. షరతులున్నాయి: ముందు ఇన్‌స్ట్రక్టరుతో పది గంటలు, ఏటా మెడికల్. ఆ ఇన్‌స్ట్రక్టరుకి ఇరవై మూడేళ్ళు, ఈయన్ని ల్యాండింగుకి ముందు చెక్‌లిస్టు పైకి చదవమంటుంది. చదువుతారు. ఇంట్లో ఎవరన్నా అంటే పడరు గానీ, అక్కడ బుద్ధిగా చదువుతారు.

పాలసీ వచ్చినరోజు కళ్ళజోడు పెట్టుకుని మొదట చదివేది ఆవిడే. "బయటివాళ్ళకి నష్టం జరిగితే పది లక్షల డాలర్ల దాకా. బావుంది. విమానం విలువ లక్షా యాభై వేలు. ఇదేమిటండీ, పక్కన కూర్చున్న మనిషికి లక్షే అని రాశారు?"

"అది రివాజు."

"అంటే నాకన్నా ఆ రేకుల డబ్బా యాభై వేలు ఎక్కువా?"

డాక్టరుగారు కాగితం మడిచి లాగ్‌బుక్కులో పెట్టేసి, గాలి ఎటునుంచి వీస్తోందో చూడటానికి పెరట్లోకి వెళ్ళిపోతారు.