నేను గడిని కాను

నా పూర్తి పేరు డీఫాల్ట్‌టేబుల్‌సెల్‌రెండరర్. అంత పొడుగు పేరు ఎవరి నోటా పలకదు కనక రెండరర్ అనేస్తారు. మాది జావా స్వింగ్ కుటుంబం. 1998 డిసెంబరులో జావా 1.2తో జావా అసలు లైబ్రరీలోనే భాగమైపోయాం. నేను జేలేబుల్ సంతానాన్ని.

పట్టికలో వెయ్యి వరుసలు, పది కాలమ్‌లు ఉంటే పదివేల లేబుళ్లు ఉంటాయనుకుంటారు కొత్తవాళ్లు. ఉండేది నేనొక్కణ్ణే. పగటి వేషగాడిలా గడప గడపకీ ఓ వేషం కడతాను. విలువ ఇది, ఎన్నో వరుస, ఎన్నో కాలమ్, ఎంపికైందా లేదా అని టేబుల్ చెబుతుంది. ఆ వేషంలో నా బొమ్మ గడిలో పడుతుంది, వెంటనే పక్క గడికి పరుగు. కనిపించే గడులవరకే లెండి. వేగం కోసమని రీపెయింట్, రీవాలిడేట్ పిలుపులకు నన్ను చెవిటివాణ్ణి చేశారు కూడా.

అంకెల్ని కుడివైపుకు జరిపే తమ్ముడొకడు, అవును-కాదులకు చెక్‌బాక్సు పెట్టే చెల్లెలొకతె ఉన్నారు. కానీ పట్టిక డేటాను ఉంచుకునే డీఫాల్ట్‌టేబుల్‌మోడల్ ఏ కాలమ్ రకం అడిగినా ‘ఆబ్జెక్ట్’ అనే అంటుంది. గెట్‌కాలమ్‌క్లాస్ తిరగరాయకపోతే జీతాల కాలమ్ కూడా నా చేతికొచ్చి ఎడమ గోడకు అతుక్కుంటుంది.

ఓ కిరాణా కొట్టు సాఫ్ట్‌వేర్‌లో, నిల్వ పదికి తగ్గితే గడి ఎర్రబడాలన్నాడో కుర్రాడు. ‘ఇఫ్’ రాశాడు, ‘ఎల్స్’ మరిచాడు. కందిపప్పు దగ్గర ఎర్రబడ్డాను. ఆ తర్వాత బస్తాలకు బస్తాలున్న బియ్యం, ఉప్పు, చింతపండు అన్నీ ఎరుపే. స్క్రోల్ చేసి పైకొస్తే అక్కడా ఎరుపే. సెట్‌బ్యాక్‌గ్రౌండ్‌తో పూసిన రంగును నేను దాచుకుంటాను మరి. అవసరం లేని గడిలో దాన్ని తీసెయ్యమని చెప్పాల్సింది రాసేవాడే. పాపం, రాత్రంతా డేటాబేసులో వెతికాడు.

గడిలో బటన్ కావాలని నన్ను తీసేసి బటన్‌ను రెండరర్‌గా నిలబెట్టేవాళ్లూ ఉన్నారు. అదీ బొమ్మే, ఎంత నొక్కినా పలకదు. నొక్కుళ్లు, దిద్దుబాట్లు సెల్ ఎడిటర్ చూసుకుంటుంది.

తెలుగు పేర్ల విషయంలో మాత్రం నిందలు పడలేను. వరుస ఎత్తు మామూలుగా 16 పిక్సెళ్లు. ఫాంటు పెంచితే గడి పెరగదు. ‘కృష్ణవేణి’లో ణ ఒత్తు సగానికి తెగుతుంది. ఎత్తు పెంచే అధికారం నాకు లేదు. ఆ ఫాంటు ఎత్తెంతో కొలిచి, సెట్‌రోహైట్‌తో టేబుల్‌కే చెప్పండి.