డల్లాసునకు ఎన్ని గంటలు?

భోగాపురమున అల్లూరి సీతారామరాజు విమానాశ్రయమునందు 2026 జనవరి 4న పరీక్షార్థము తొలి విమానము దిగినది మొదలు, సంతలో వంకాయలు ఏరువాడును, మంగలిషాపులో సగము గడ్డముతో కూర్చున్నవాడును నన్ను పట్టుకొని, "ఇక్కడెక్కితే డల్లాసుకి ఎన్ని గంటలండీ?" అని అడుగుచున్నారు. మావాడు అచ్చట ఉద్యోగము చేయుచుండుటయే నా నేరము.

పీడ వదలునని ఒకనాడు గ్లోబుపై నూలుపోగు బిగించి చూచితిని. భోగాపురము 83½ డిగ్రీల తూర్పు రేఖాంశముపైనను, డల్లాసు దాదాపు 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశముపైనను ఉండుటచే, ఆ పోగు తూర్పునకు గాని పడమరకు గాని తిరుగక, నిట్టనిలువుగా ఉత్తరమునకు లేచి, నేపాళములోని ధవళగిరి నెత్తిమీదుగా, సైబీరియా మీదుగా, ఉత్తరధ్రువము నొరసికొని, కెనడా మీదుగా దిగినది. సుమారు 14,350 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున పదహారు గంటలు.

ఈ సంగతి మా మేనమామ చెవిని పడినది.

"మంగళ, బుధవారాలు ఉత్తరం శూల. గురువారం దక్షిణం శూల. ధ్రువం దాటేక అంతా దక్షిణవే కదరా, మరేటి చేస్తావు?" అనినాడు. శూల యున్న దిక్కునకు ప్రయాణము కూడదు; ధ్రువమున ఏ వైపు అడుగిడినను దక్షిణమే గనుక, గురువారము ధ్రువము చేరిన విమానమునకు దిక్కే లేదు. అంతటితో విడిచెనా? మనకు వారము సూర్యోదయముతో మారును. ధ్రువమున సూర్యుడు ఏటికొక్కమారే ఉదయించును. కావున ఆ ఉదయము గురువారమైనచో ఏడాది పొడుగునా గురువారమే! పగటిలో ఎనిమిదవ వంతు రాహుకాలము గదా, ఆరునెలల పగటికి అది మూడు వారములు మీరునని పంచాంగము అంచున పెన్సిలుతో లెక్కగట్టి, అన్నాళ్లు ప్రయాణికులకు ఉప్మా ఎవరు పెట్టుదురని నన్నే నిలదీసినాడు.

నిజమునకు ఆ దారిని మనకు విమానమే లేదు. హైదరాబాదులో దిగి, దుబాయిలో మారి, ఇనుప కుర్చీలలో నడుము విరుగగొట్టుకొని పోవలెను. దుబాయి నుండి డల్లాసునకే పదహారు గంటలు! ఇల్లు విడిచినది మొదలు ఒక పగలు, ఒక రాత్రి చాలవు. ఈ మాట చెప్పినచో అడిగినవాడు నాపై అలుగును.

మా నాయనమ్మ అన్నగారు విశాఖ రేవున స్టీమరెక్కి రంగం పోయినాడు. రంగం, అనగా రంగూను, ఇచ్చటికి సుమారు 1,350 కిలోమీటర్లు, డల్లాసు దూరములో దాదాపు పదోవంతు. 1942లో జపాను సేనలు వచ్చిపడినప్పుడు వేలకొలది జనము అరకాను, అస్సాము కొండదారుల నడచి వచ్చిరి, ఆయన రాలేదు. నాయనమ్మ చివరిదాక రంగం నుండి వచ్చినవారి నెల్ల ఆయన గుర్తులు చెప్పి అడిగెడిది.

మావాడు క్షేమమే, రోజూ ఫోనులో కనబడుచునే యున్నాడు. వీసా ముద్ర చిక్కులో పడినది. కదలినచో మరల పోనిత్తురో లేదోయని సెలవుండియు రాలేకున్నాడు. మేనమామకు ఇది చెప్పలేదు. ఆయన వాని ప్రయాణమునకు డిసెంబరులో ఒక సోమవారము చూచిపెట్టినాడు.